ఖాళీ జీతం: గుండ్రటి కుట్టు

"ఇవాళ ఎవరో మన గుమ్మం ఎక్కుతారే. మంచికి మాత్రం కాదు," అన్నాను, పాలగిన్నె పొయ్యి మీద పెడుతూ.

నా కూతురు జడ వేసుకుంటూ అద్దంలోంచే నన్ను చూసింది. "నిన్న కూడా అదే అన్నావమ్మా. మొన్న గ్యాస్ బండ పేలుతుందన్నావు. అంతకుముందు పైకప్పు కూలుతుందన్నావు. ఏదో ఒకటి ఎంచుకో, అందరం దానికే భయపడదాం."

"నవ్వు, నవ్వు. మధ్యాహ్నం నుంచీ నా మనసు కీడే శంకిస్తోంది."

"మధ్యాహ్నం మాడింది పారేయకుండా నువ్వే తిన్నావు. అదీ సంగతి."

గదిలో కిటికీ పక్కన కూర్చున్న మా ఆయన గ్లాసుని కుర్చీ చేతి మీద టకటక కొట్టారు. మంచినీళ్లు కావాలని అర్థం. మా ఇంట్లో ఆయన మాట్లాడటం మానేశాక గ్లాసే మాట్లాడుతోంది. నెమ్మదిగా కొడితే నీళ్లు, గట్టిగా కొడితే టీ, కొట్టకుండా బోర్లిస్తే ఇక నోరు మూసుకోండని.

మా సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే, సముద్రం అవతల చొక్కాలు కొనే దేశాల్లో వ్యాపారం కుదేలైంది. అక్కడ దుకాణాలు మూతపడగానే ఇక్కడ ఓడ ఎక్కాల్సిన సరుకు గోదాములోనే ఉండిపోయింది. ఆ దేశాలు ఎక్కడున్నాయో నన్ను పటంలో చూపించమన్నా చూపించలేను. వాళ్లకి జలుబు చేస్తే మా ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని మాత్రం ఈ ఏడే తెలిసింది. పక్క ఫ్యాక్టరీ ఓనరు కుట్టే ఆడవాళ్లందరినీ ఒక్క పూటలో బయటికి పంపేశాడు. మా అమ్మాయి పనిచేసే ఫ్యాక్టరీ మాత్రం ప్రభుత్వం కొత్తగా తెచ్చిన పథకంలో చేరింది. ఆడవాళ్లని రెండు లైన్లు చేశారు. ఒక లైన్ పనిలో ఉన్న వారం రెండోది ఇంట్లో ఉంటుంది. ఇంట్లో ఉన్న వారానికి సగం జీతం ప్రభుత్వ నిధిలోంచి వస్తుంది. కాగితాల మీద దాని పేరు నిలుపు వేతనం. జనం నోళ్లలో ఖాళీ జీతం. షరతు ఒక్కటే. ఇంట్లో ఉన్న లైన్ మెషీన్లు కదలకూడదు, ఆ వారమంతా వాళ్ల హాలు తలుపుకి తనిఖీ ఆఫీసరు సీలు వేస్తాడు. వేరేచోట్ల ఓనర్లు అటు ప్రభుత్వం సొమ్మూ తీసుకుని, ఇటు దొంగచాటుగా పనీ చేయించుకున్నారట. అందుకే అంత గట్టి షరతు.

ఆ పథకంలో చేరడానికి లైన్ తరఫున మొదట సంతకం పెట్టింది మా అమ్మాయే. లైన్ పెద్ద కదా. ఆ సాయంత్రం వాళ్ల నాన్న ఒకే ఒక్క మాటన్నారు. "కూర్చోబెట్టి ఇస్తే అది జీతం కాదు, ముష్టి." ఇది ఊరుకుంటుందా? "ఆర్డర్లున్న రోజుల్లో మా జీతాల్లోంచి కోసి దాచిన నిధి నాన్నా అది. మా సొమ్ము మాకిస్తున్నారు. ముష్టి అంటే నువ్వు నన్ను అన్నట్టే," అంది. అంతే. ఆ ఫ్యాక్టరీలోనే మెషీన్ మేస్త్రీగా జీవితమంతా గడిపి, చెయ్యి వణకడం మొదలయ్యాక ఇంటికొచ్చిన మనిషి, ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకున్నారు. మాతోనే కాదు, ఎవరితోనూ మాట లేదు. ఎండలు పోయి వానలొచ్చాయి, వానలు కూడా పోయాయి.

పాలు పొంగు మీదికొచ్చాయి. అప్పుడే తలుపు దడదడలాడింది.

"చెప్పానా?" అన్నాను.

మసిగుడ్డతో గిన్నె పట్టుకుని పొంగు దించి, మంట తగ్గించి, ఆ గుడ్డతోనే వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి వాళ్లు లోపలికి వచ్చేశారు. ముందు మా ఆడపడుచు. ఆవిడ ఫ్యాక్టరీలో, కుట్టు హాలుని ఆనుకుని ఉన్న దారాల గది చూస్తుంది. నడుముకి తాళాల గుత్తి ఎప్పుడూ గలగలమంటూ ఉంటుంది, మనిషి కంటే ముందు గుత్తే పలకరిస్తుంది. వెనకాల మా అమ్మాయి లైన్‌లోవాళ్లే ఇద్దరు. ఒకరు బొత్తాల కాజాలు కుట్టే ఆమె, కడుపుతో ఉంది, మెట్లెక్కిన ఆయాసంలో ఉంది. ఇంకొకరిని అందరూ రేడియో అంటారు. ఎందుకంటారో ఆమె నోరు విప్పితే తెలుస్తుంది.

"కూర్చోండి," అన్నాను.

"కూర్చోవడానికి రాలేదు వదినా," అంది ఆడపడుచు. "నీ కూతురు మా అందరినీ కూర్చోబెట్టేసింది, చాలదా?"

"ఏమైంది అత్తా?" అంది మా అమ్మాయి, జడ సగంలో వదిలేసి.

"ఏమైందా? తనిఖీ ఆఫీసరు వచ్చాడు. మన లైన్ మెషీన్లు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. ఇదిగో."

పిడికిట్లో నలిపి పట్టుకున్న గుడ్డముక్కల్ని నేల మీదికి విసిరేసింది. తెల్లటి పీలికలు. అవి ఏంటో మా ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. పని ముగించి లేచేముందు ప్రతి ఆడమనిషీ మెషీన్ పాదం కింద ఒక గుడ్డముక్క పెట్టి, సూది అందులోకి దించి వెళుతుంది. రాత్రంతా కారే నూనె చుక్క ఆ ముక్క మీద పడుతుంది, మర్నాడు కొత్త చొక్కా మీద పడదు. అంటే ఇంట్లో ఉన్న లైన్ మెషీన్ల కింది ముక్కల మీద ఏం ఉండాలి? ఒక సూది చిల్లు, ఎండిపోయిన నూనె మరక. అంతే ఉండాలి.

"వాటి నిండా కుట్లే!" అంది రేడియో. "కొత్త నూనె, కొత్త దారం! ఖాళీ జీతం తీసుకోడానికి వెళ్లి మేం దొరికిపోయాం, ఆ ఆఫీసరు మొహం చూడాలి. కుట్టు మెషీన్‌కీ పిండి మరకీ తేడా తెలియని మనిషి, వాడే అడిగాడు, పడుకున్న మెషీన్ కింద ఇన్ని కుట్లెక్కడివమ్మా అని. మాకు నోట మాట లేదు. నాకే లేదంటే చూసుకోండి!"

"లైన్ మొత్తానికీనా?" అని అడిగింది మా అమ్మాయి. గొంతు మారింది.

"మొత్తానికి. వరసలో ప్రతి మెషీనూ కదిలింది." ఆడపడుచు గుత్తి గలగలలాడింది. "రేపు గేటు తీసేలోపు ఎవరు చేశారో చెప్తే ఆ ఒక్కరి మీదే రాస్తాడట. చెప్పకపోతే లైన్ మొత్తం పథకంలోంచి అవుట్. ఓనరు అప్పుడే అనేశాడు, ఖాళీ జీతం ఆగితే మిమ్మల్ని మోసే ఓపిక నాకు లేదు, పక్క ఫ్యాక్టరీవాళ్లు పోయిన దారినే మీరూ పోండి అని."

"సరే, అయితే ఎవరు నడిపారో కనుక్కుందాం."

"కనుక్కునేదేంటి?" అంది కాజాల ఆమె. అంతవరకూ గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంటోంది. "మేనేజరు గదిలోకి వెళ్లేదెవరు? నువ్వేగా. తలుపేసుకుని మాట్లాడేదెవరు?"

"మన లైన్‌కి ఒక వారం ఎక్కువ పని ఇమ్మని అడగడానికి వెళ్లాను!"

"అడిగావు, ఇచ్చాడు. దొంగచాటుగా కుట్టి పెట్టావు. రేపు ఆర్డర్లొస్తే సూపర్‌వైజర్ కుర్చీ నీదే. మేము అప్పటిదాకా బతికుంటే చప్పట్లు కొడతాం."

"నోరు జాగ్రత్త!" అన్నాను నేను.

"నా నోటి సంగతి తర్వాత పిన్నీ. నా పొట్ట సంగతి చూడు." ఆమె తన కడుపు మీద చెయ్యి వేసుకుంది. "మా ఆయన పడవ మీద ఉండేవాడు. సరుకు లేదని పడవ కట్టేశారు. ఆయనకి ఖాళీ జీతం లేదు, ఆ పథకంలో పడవలవాళ్లు లేరు. ఈ ఖాళీ జీతమే మా ఇద్దరికీ. ముగ్గురికీ. అది పోతే నేను ఎవరి గుమ్మం ఎక్కాలి? నీ గుమ్మమా?"

ఆమె అడిగింది నిజమే. ఆ నిజం నా కూతురి పీక మీద కూర్చుంది, అదే నా బాధ.

"అందుకని ఒకటనుకున్నాం," అంది ఆడపడుచు. నా వైపు చూడలేదు, మేనకోడలి వైపూ చూడలేదు. "నువ్వే చేశానని చెప్పెయ్యి. ఒక్కదానివే. లైన్ బతుకుతుంది."

"చెయ్యనిది చేశానని చెప్పాలా?"

"లైన్ పెద్దవి కదా. జై కొట్టించుకున్నప్పుడు బాగుంది. ఇప్పుడు మొయ్యి."

"చెప్తే దీన్ని పన్లోంచి తీసేస్తారు," అన్నాను. "ఈ ఊళ్లో ఇంకే ఫ్యాక్టరీ గేటూ తెరవదు. దొంగ ముద్ర పడితే ఎవరు పిలుస్తారు? అద్దె... ఆయన మందులు..." నా నోట్లోంచి భయాలు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది. ఒకసారి మొదలైతే నన్ను ఆపడం నాకే చేతకాదు.

"వదినా, నువ్వు మొదలుపెట్టకు!"

"సొంత అత్తవి! నీ చేత్తో ఎత్తుకుని తిప్పావు దీన్ని!"

"తిప్పాను. దాని గొంతు కోస్తుంటే చూడ్డం నాకు సరదానా?" ఆవిడ నా భుజం పట్టుకుంది. "ఇంకో దారి ఉంటే చెప్పు. చెప్పవేం?"

ఇంకో దారి చెప్పడానికి కాదు, చేతులకి ఏదో పని కావాలని నేను వంగి ఆ పీలికలు ఏరాను. ఒకదాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేశాను.

మళ్లీ వంగి చూశాను.

మూల నుంచి మూలకి రెండు గీతలు. నడిమధ్య ఒక గుండ్రటి కుట్టు, పావలా బిళ్లంత.

ఇంకోటి తీశాను. అదే. ఇంకోటి. అదే.

కుట్టే ఆడవాళ్లు మెషీన్ సరిచూసుకోవాలంటే గీత పొడుగ్గా లాగి వదిలేస్తారు. గుండ్రంగా ఎవరు తిప్పుతారు, అంత తీరిక ఎవరికుంది? మెషీన్ పళ్లు గుడ్డని అన్ని వైపులా సమంగా లాగుతున్నాయో లేదో చూడటానికి ఈ లోకంలో గుండ్రంగా తిప్పే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆయన పనిలో ఉన్నంతకాలం ఆ ముక్కలు జేబులో కుక్కుకుని ఇంటికి తెచ్చేవారు. నేను వాటినే కలిపి మసిగుడ్డలు చేసుకునేదాన్ని. అందులో ఒకటి ఈ క్షణాన నా ఎడమ చేతిలో ఉంది.

దాన్ని గబుక్కున నడుములో దోపుకున్నాను. పాలు తగిలి తడిసిన గుడ్డ, చర్మానికి అంటుకుంది.

మా ఆయన కిటికీ వైపే చూస్తున్నారు. ఒళ్లో గ్లాసు. మెడ మీద నరం కూడా కదల్లేదు.

నా మనసు చెడుకే ముందు పరిగెడుతుంది, నేనేం చేసేది? ఈమధ్య ఆయన పొద్దున్నే బయటికి వెళ్లొచ్చి చేతులు సబ్బుతో తోముకోవడం గుర్తొచ్చింది. ఎవరింట్లోనో పాత మెషీన్ బాగుచేస్తున్నారేమో, నాలుగు మాటలు లేకపోయినా నాలుగు పనులున్నాయి కదా అనుకున్నాను. ఇదా ఆ పని? కూతురి మీద పంతం ఇంత పెరిగిందా? ముష్టి అన్నారు, పిల్ల మానలేదు, కాబట్టి ఆ ముష్టి గిన్నెనే బద్దలుకొట్టారా? అందరి నోటి దగ్గరిదీ?

"ఏంటి పిన్నీ, అలా అయిపోయావు?" అంది కాజాల ఆమె.

"ఏం లేదు. నడుం పట్టేసింది."

మా అమ్మాయి నన్ను చూసింది. దానికి నా మొహం చదవడం చిన్నప్పట్నుంచే వచ్చు. నా మోకాలి మీది ముక్కని చూసింది. నా నడుము దగ్గర వేలాడుతున్న మసిగుడ్డ చివర చూసింది. తర్వాత, తల తిప్పకుండా, కళ్లు మాత్రం కిటికీ వైపు తిప్పింది. దాని పెదాలు పాలిపోయాయి.

"సరే," అంది.

"ఏంటి సరే?" అన్నాను.

"రేపు పొద్దున నేను ఆఫీసరు దగ్గరికి వెళతాను అత్తా. మెషీన్లు నేనే నడిపానని చెప్తాను."

రేడియో నోరు తెరిచి మూసేసింది. కాజాల ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుంది. అడిగింది దొరికినా ఆమె మొహంలో వెలుగు లేదు. ఆడపడుచు మాత్రం, "సరే అయితే, పొద్దున నేనూ తోడొస్తాను," అని గబగబా నేల మీద మిగిలిన ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. నా ఒళ్లో ఉన్నవి కూడా లాక్కోబోయింది.

నేను వదల్లేదు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన మాటకి నేను ఎదురు చెప్పింది లేదు. ఆయన మాట్లాడనప్పుడు కూడా చెప్పలేదు. భయం. కోపం వస్తుందేమోనని భయం, తిండి మానేస్తారేమోనని భయం, పడుకున్న మనిషి లేవరేమోనని భయం. కానీ ఆ క్షణాన అన్ని భయాల కంటే పెద్ద భయం ఒకటి జడ సగంలో వదిలేసి నా ఎదుట నిలబడి ఉంది.

నడుములోంచి మసిగుడ్డ లాగాను. నేల మీద పరిచాను. పక్కనే వాళ్లు తెచ్చిన ముక్క పరిచాను. పాతది నూనెకీ మసికీ నల్లబడిపోయింది, కొత్తది తెల్లగా ఉంది. కుట్టు మాత్రం ఒక్కటే.

"అమ్మా, వద్దు!" అంది నా కూతురు.

"నువ్వుండు. చూడండమ్మా. మూల నుంచి మూలకి, మధ్యలో చుట్టు. ఇది నా కూతురి చెయ్యి కాదు. నా వంటింట్లో ప్రతి మసిగుడ్డ మీదా ఉన్న చెయ్యి ఇది."

రేడియో కిందికి వంగింది. "మేస్త్రీ గారా?" అంది గుసగుసగా. ఆమె గుసగుస కూడా వీధిలోకి వినపడుతుంది.

కాజాల ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఏం మేస్త్రీ గారూ? మీకు మా మీద ఏం పగ? మీరు కూర్చుని తింటే విశ్రాంతి, మేం తింటే ముష్టా?"

ఆమె గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేసింది.

"పుట్టబోయేవాడి నోటి దగ్గరిది లాగేశారే! మీ కూతురి మీద కోపముంటే దాన్ని కొట్టండి, మా పొట్టల మీద కొడతారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "మాట్లాడరేం?" అని అరిచాను. ఆయన మీద అరవడం అదే మొదలు. "అది మీ బదులు దొంగనని ఒప్పుకోబోయింది! ఇప్పుడు కూడా గ్లాసే కొడతారా?"

ఆయన గ్లాసు కిటికీ మీద పెట్టారు. కొట్టలేదు, బోర్లించలేదు. ఊరికే పెట్టారు.

నా కూతురు వెళ్లి ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. ఇన్నాళ్లుగా ఒకరినొకరు తప్పించుకుని తిరిగిన ఇంట్లో, తండ్రి మోకాళ్ల దగ్గర అలా కూర్చోవడం చూసి నేను ఆ గుడ్డలు తెచ్చి వాళ్ల మధ్య పరిచాను.

"నాన్నా," అంది. "ఆ హాలు తలుపుకి ఆఫీసరు సీలుంది. నా కళ్లతో చూశాను. లోపలికి ఎలా వెళ్లావు?"

పొయ్యి మీద అడుగంటిన పాల వాసన గదిలోకి వస్తోంది, లేవాలని ఎవరికీ తోచలేదు. నా ఆడపడుచు గుప్పిట్లో గుత్తి పట్టుకుని నిలబడింది, ఒక్క తాళం చెవి కూడా గలగలమనకుండా అంత గట్టిగా.

ఆయన కూతురి తల వైపు చూశారు. విడిపోతున్న జడని చూశారు. గొంతు సవరించుకున్నారు.

"ఆ కుట్టు నాదే," అన్నారు.

ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు. వాడని కడవలోంచి వచ్చినట్టు ఉంది.

"దీనికి అంత గుండ్రంగా ఎక్కడొస్తుంది? దీనిది ఎప్పుడూ వంకరే." కిటికీ మీది గ్లాసుని పక్కకి జరిపారు. "నా కుర్రతనంలో పనిచేసిన ఫ్యాక్టరీ కూడా ఇలాగే ఆగింది. అప్పుడు ఖాళీ జీతం లేదు. మనుషులు చెదిరిపోయారు. ఆర్డర్లు తిరిగొచ్చాయి. వచ్చేసరికి మెషీన్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. తుక్కు కింద తూచి లారీకి ఎత్తారు. నా చేతులతోనే ఎత్తాను." వణికే చేతుల్ని ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నారు. "ఇప్పుడు మనుషులకి జీతం ఇస్తున్నారు. ఇవ్వనీ. కదలకుండా పడున్న మెషీన్‌కి ఎవడిస్తాడు? చుక్క నూనె వేసి, ఒక చుట్టు తిప్పి వచ్చాను, ఆ కాసేపూ ఈ చేతులు వణకలేదు. తిప్పకూడదని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు."

"ఎలా వెళ్లావు నాన్నా?" మా అమ్మాయి వదల్లేదు.

ఆయన చొక్కా జేబులోకి చెయ్యి పెట్టారు. చిన్న తాళం చెవి ఒకటి తీశారు. నూనెతో మెరుస్తోంది. వంగి, ఆ మసిగుడ్డ మీద, గుండ్రటి కుట్టు మధ్యలో పెట్టారు. తర్వాత తలెత్తి తన చెల్లెలి వైపు చూశారు.

"దారాల గది వెనక తలుపు బాగా బిగుసుకుపోయింది చెల్లెమ్మా," అన్నారు. "తాళానికి కూడా నూనె వేశాను. ఇదిగో, నువ్విచ్చిన చెవి. తీసుకో."